పొట్టి జుట్టు, షర్టు నాయికని రాస్తే "పేరు మారిస్తే అబ్బాయే" అంటున్నారు, ఏం చేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: ఇద్దరమ్మాయిల ప్రేమకథ సీరియల్‌గా రాస్తున్నారు. ఒకామెకి క్రాఫు, మోచేతుల దాకా మడిచిన షర్టు, బుల్లెట్ బండి, సొంత మెకానిక్ షెడ్డు, మాట తక్కువ, కోపం ఎక్కువ. రెండో ఆమె బ్యాంకులో పని చేస్తుంది, వానలో తడుస్తుంది, రౌడీలు వెంటపడితే భయపడుతుంది, కాపాడినందుకు ప్రేమలో పడుతుంది. పది భాగాలయ్యాక కామెంట్లలో "ఈమె పేరు తీసేసి అబ్బాయి పేరు పెట్టినా కథలో ఒక్క ముక్క మారదు" అంటున్నారు. ఆమెకి లోతు ఎలా తేవాలి, పోనీ కొంచెం ఆడతనం కలపాలా అని అడిగారు.

ఆడతనం కలపొద్దు. అది మాత్రం చేయకండి. కానీ పాఠకులు చెప్పింది నిజమే, మీ పది భాగాలూ చదివే అంటున్నాను. ఆమెకి మీరు షర్టు తొడిగారు గానీ ఆ షర్టు ఆమె ఒంటి మీదకి ఎలా వచ్చిందో రాయలేదు. ఇంతమందిలో ఈమే ఎందుకు కావాలనుకుందో ఆ రెండో అమ్మాయినీ అడగలేదు. ఈ రెండూ రాస్తే బుల్లెట్ బండీ షెడ్డూ అలాగే ఉంచినా ఎవరూ పేరు మార్చి చదవలేరు.

నేను శాఫిక్ రొమాన్సులు, అంటే ఇద్దరు ఆడవాళ్ల ప్రేమకథలు, చాలా ఏళ్లుగా చదువుతున్నాను, తెలుగులో ఇలాంటి కథలు రాసేవాళ్ల డ్రాఫ్టులు సరిచేసి పెడుతుంటాను, పైగా నేనూ షర్టు ప్యాంటు మనిషినే. కాబట్టి కొంచెం పొడుగ్గా చెప్తాను, ఓపిక పట్టండి.

షర్టు సంగతి ముందు. మిరప కోతకి, పత్తి తీతకి వెళ్లే ఆడకూలీలు ఎండ తగలకుండా చీర మీద మగవాళ్ల ఫుల్ చొక్కా వేసుకుంటారు కదా, వాళ్లని ఎవరూ మగరాయుడు అనరు. అదే చొక్కా డిగ్రీ చదివే మోతుబరి ఇంటి పిల్ల వేసుకుని ఊళ్లోంచి నడిచిందనుకోండి, సాయంత్రంలోగా వాళ్ల నాన్నకి ఇద్దరు ముగ్గురు చెప్తారు. మీ నాయిక ఏ ఇంటి పిల్ల? నాన్న ఏం చేస్తాడు, ఆ షెడ్డుకి అద్దె ఎవరు కట్టారు, మొదటిసారి జుట్టు కత్తిరించుకున్న రోజు ఇంట్లో ఎవరు అన్నం మానేశారు? పది భాగాల్లో వీటిలో ఒక్కదానికీ జవాబు లేదు. గాల్లోంచి ఊడిపడ్డ మనిషికి లోతు ఎక్కణ్నుంచి వస్తుంది.

మన ఇళ్లలో ఇంకో తమాషా ఉంది, దాన్ని తెలుగులో రాసేవాళ్లు ఎందుకు వాడుకోరో నాకు అర్థం కాదు. పదేళ్ల దాకా నిక్కరేసుకుని చెట్లెక్కితే ముద్దు, "మా ఇంటి మగరాయుడు" అని చుట్టాల ముందు చెప్పుకుంటారు. పెద్దమనిషి అయిన రోజు నుంచి ఓణీల ఫంక్షను, నేల చూసి నడవమనడం. ఉద్యోగం వచ్చి ఇంటి లోను కట్టడం మొదలుపెట్టగానే మళ్లీ "కొడుకు లేని లోటు తీర్చింది". సంబంధాలు చూడటం మొదలవగానే "ఇకనైనా జుట్టు పెంచవే". అదే పిల్ల, అదే నడక, ఇంట్లోవాళ్లు మాత్రం నాలుగుసార్లు మాట మార్చారు. ఈ నాలుగు చోట్లా మీ నాయిక ఏం చేసిందో నోట్సులో రాసుకోండి, కథలో అంతా పెట్టక్కర్లేదు. ఓణీ ఫంక్షనులో ఏడ్చిందా, లేక అమ్మ కోసం నవ్వుతూ కూర్చుని ఇప్పటికీ ఆ ఫోటో ఎవరికీ చూపించదా? ఈ రెండూ వేరు వేరు మనుషులు. ముప్పై ఏళ్లొచ్చాక ప్రేమలోనూ వేరుగానే ప్రవర్తిస్తారు.

రుద్రమదేవిని చూడండి. శాసనాల్లో రుద్రదేవ మహారాజు అని మగపేరే కనిపిస్తుంది, కొడుకులా పెంచారని మనం కథలు కథలుగా చెప్పుకుంటాం, ఊరూరా విగ్రహాలు పెడతాం. అయితే ఆ మగవేషం సింహాసనం కోసం గనక మనకి అభ్యంతరం లేదు. తన కోసం, తన ఒంటికి హాయిగా ఉంటుందని వేసుకునే ఆడపిల్లకి ఆ మర్యాద దొరకదు. హాల్లో రుద్రమ బొమ్మ పెట్టుకుని కూతురి క్రాఫు చూసి కుమిలిపోయే తండ్రిని ఒక్కసారి ఊహించండి. విలన్ కాదు, మంచివాడే. ఆ ఒక్క పాత్ర మీ ఐదో భాగంలో వచ్చే రౌడీలందరికంటే బాగా పనికొస్తుంది.

తర్వాత ఒళ్లు. మీ కథలో ఆమె షర్టు ఎప్పుడూ సినిమా హీరోకి కుట్టినట్టు పడుతుంది. నిజంలో అలా ఉండదండీ. మగవాళ్ల సైజు షర్టు కొంటే భుజాలు జారతాయి, నడుం కింద బిగుస్తుంది, రెండో గుండీకీ మూడో గుండీకీ మధ్య నోరు తెరుస్తుంది, లోపలి వైపు నుంచి పిన్నీసు పెట్టుకోవాలి. జెంట్స్ టైలర్ దగ్గరికి వెళ్తే ఛాతీ కొలత దగ్గర ఆయన టేపు పట్టుకుని ఇబ్బంది పడతాడు, చివరికి పాత షర్టు ఒకటి ఆదికి ఇచ్చి రమ్మంటాడు. మగవాళ్ల సెలూన్‌లో ఆడవాళ్లకి చేయం అంటారు. బ్యూటీ పార్లరుకి వెళ్లి పొట్టిగా కొట్టమంటే "లేయర్స్ చేద్దాం మేడమ్, మీ ముఖానికి బావుంటుంది" అని మెడ దాకా వదిలేస్తారు. అందుకే చక్కగా కత్తిరించే మనిషి ఒకరు దొరికితే ఊరు మారినా వదలరు, బస్సెక్కి వెళ్లి మరీ చేయించుకుంటారు. మెన్సెస్ రోజున షెడ్డులో నలుగురు మగ కుర్రాళ్ల మధ్య పని చేస్తూ ప్యాడ్ ఎక్కడ మార్చుకుంటుంది? మీ కథలో ఆ షెడ్డుకి బాత్రూమే లేదు. అబ్బాయి పేరు పెడితే మొట్టమొదట కూలేది ఇలాంటి చోటే, అందుకే ఇవి రాయాలి.

ఇవన్నీ ఏడుపు సీన్లుగా రాయొద్దు, దయచేసి. నవ్వుకి బోలెడంత చోటుంది. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకి ఆర్టీసీ బస్సులో జీరో టికెట్ కదా (ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి వచ్చింది). మీ నాయిక పల్లెవెలుగు ఎక్కుతుంది, కండక్టర్ చూడకుండానే "యాడికన్నా?" అని డబ్బులకి చెయ్యి చాపుతాడు, ఈమె ఆధార్ కార్డు తీస్తుంది, అందులో ఫోటోలో రెండు జడలు. బస్సంతా తిరిగి చూస్తుంది. ఈ సీను నలుగురు రచయితలకిస్తే నలుగురు నాయికలు వస్తారు: ఒకామె గొడవ పడుతుంది, ఒకామె గొంతు సన్నగా చేసి మాట్లాడుతుంది, ఒకామె మారు మాట్లాడకుండా డబ్బులిచ్చి టికెట్ కొనుక్కుంటుంది, ఒకామె కండక్టర్‌తో జోకేసి చివరి స్టాపు వచ్చేసరికి దోస్తీ చేసుకుంటుంది. పక్క సీట్లో రెండో అమ్మాయి కూర్చుని ఉంటే ఆమె ఏం చూస్తుంది, ఏం అనుకుంటుంది? మీకు ఒక భాగం మొత్తం వచ్చేసింది. వాన కూడా అక్కర్లేదు.

లోతు అనగానే అందరూ చేసే పని ఒకటుంది. పైకి గట్టిది, లోపల మెత్తనిది, కొబ్బరికాయలా. మీరూ ఎనిమిదో భాగంలో అదే చేశారు, బల్లికి భయపడించి కుక్కపిల్లని ముద్దాడించారు. అది ఒకే ఒక్క పొర, అందరికీ తెలిసిన పొర. దాని బదులు ఆమెకి కొన్ని అవలక్షణాలు ఇవ్వండి, బుచ్ (మగవాళ్ల తీరులో ఉండే లెస్బియన్) కావడానికీ వాటికీ ఏ సంబంధమూ ఉండకూడదు. ఇస్త్రీ మీద పిచ్చి, గడియారాల మీద డబ్బు తగలేయడం, అప్పు తీసుకున్న స్నేహితురాలిని అడగలేక ముఖం చాటేయడం, అలిగితే మాట్లాడకుండా నాలుగు రోజులు లాగడం, తమ్ముడంటే అసూయ. గుడికెళ్లి పొర్లుదండాలు పెట్టే బుచ్ అమ్మాయి నాకు తెలుసు, ఉపవాసాల్లో వాళ్లమ్మనే మించిపోతుంది. అలాంటి మనిషిని ఎవరి కథలోనూ చూడలేదు నేను.

ఉద్యోగం గురించి. అమెరికన్ శాఫిక్ రొమాన్సుల్లో ఇలాంటి నాయిక అనగానే పోలీసు, ఫైర్ ఫైటర్, సైనికురాలు, సర్జన్. తెలుగులో ఎస్సై లేదా మెకానిక్. ఆమె ప్యాంటు వేయడానికి ఏదో ఒక సాకు కావాలన్నట్టు యూనిఫాం తగిలిస్తారు. ఇందులో చరిత్ర కూడా ఉంది. అమెరికన్ పల్ప్ నవలల్లో (చవకరకం పాపులర్ నవలలు), 1959 నుంచి 62 మధ్య ఆన్ బ్యానన్ రాసినవాటిలో, బీబో బ్రింకర్ అని ఒక బుచ్ పాత్ర ఉంది, లిఫ్టు నడిపే ఉద్యోగం చేస్తుంది. ఎందుకంటే అక్కడైతే ప్యాంటు వేసుకోవచ్చు. మంచి చదువు చదవగలిగే మనిషి బట్టల కోసం బతుకే చిన్నది చేసుకుంది. ఉద్యోగాన్ని వాడితే అలా వాడాలి. మీ నాయిక మెకానిక్ షెడ్డు పెట్టింది ఇంజన్లంటే ఇష్టంతోనా, లేక డ్రెస్ కోడ్ లేని పని అదొక్కటే దొరికిందా? రెండోదైతే ఆమెకి ఇంకేదో కావాలని ఉండేది. ఏంటది?

నా దగ్గరికి వచ్చిన ఒక డ్రాఫ్టులో నాయిక ఎస్సై, చాలా మూసగా ఉంది. రాసినామెతో మాట్లాడి ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరుని చేశాం. చాలా ప్రైవేటు స్కూళ్లలో టీచర్లకి చీర తప్పనిసరి కదా. ఉదయం ఐదు నిమిషాల్లో చీర చుట్టి పిన్నులు కొట్టేసి బయల్దేరుతుంది, సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పకముందే చీర విప్పి టీషర్టు వేసుకుంటుంది. చీరలో ఉన్నప్పుడు కూడా కాళ్లు ఎడంగా పెట్టి కూర్చోవడం, పవిట బొడ్లో దోపి సుద్దముక్క పట్టుకునే తీరు, బరువులెత్తేటప్పుడు ముందు తనే లేవడం, ఇవన్నీ అలాగే ఉంటాయి. ప్రేమించే అమ్మాయి ఆమెని మొదట చూసేది చీరలోనే, అయినా గుర్తుపడుతుంది. షర్టు లేకుండా రాస్తే గానీ ఆమె మగతనం షర్టులో లేదని రాసినామెకే తెలియలేదు. మీరూ ఒక్క సీనైనా అలా రాసి చూడండి, కథలో వాడకపోయినా సరే.

అయితే దీన్ని మేకోవర్ సీనుతో కలిపేయకండి. క్లైమాక్సులో ప్యాంటు పిల్ల చీర కట్టుకుని మెట్లు దిగడం, అందరూ నోరెళ్లబెట్టడం మన సినిమాలు అరిగిపోయేదాకా చేశాయి. అక్కడ చీర ఆమెని లొంగదీసినందుకు బహుమతి. శాఫిక్ కథ చదవడానికి వచ్చినవాళ్లు ఆ సీను చూసి పుస్తకం మూసేస్తారు.

ఇక అసలైంది. మీ రెండో నాయిక. మొదటామె మగ పాత్రలా కనబడటానికి సగం కారణం రెండో ఆమెకి కోరిక లేకపోవడం. కాపాడితే కరిగింది, అంతే. అలాంటి అమ్మాయి ఎదురుగా ఎవరిని నిలబెట్టినా హీరోలాగే కనిపిస్తారు. ఈమె మామూలు అమ్మాయి, పొరపాటున ఒక మగలాంటి అమ్మాయిని ప్రేమించింది అన్నట్టు రాయడం ఈ సాహిత్యంలో వందేళ్ల నాటి జబ్బు. జోన్ నెస్లే లాంటివాళ్లు, ఆమె న్యూయార్క్‌లో లెస్బియన్ చరిత్ర భద్రపరిచే ఆర్కైవ్స్ మొదలుపెట్టినవాళ్లలో ఒకరు, దీని మీద గట్టిగా పోట్లాడారు: బుచ్, ఫెమ్ (ఆడతనపు తీరులో ఉండే లెస్బియన్) జంట భార్యాభర్తల నకలు కాదు, ఫెమ్ తన కళ్లతో చూసి తన ఇష్టంతో ఎంచుకున్న స్త్రీ అని. కాబట్టి బ్యాంకు అమ్మాయి చూపుని రాయండి. ఆమెకి ఆ మడిచిన చేతుల మీద నరాలు నచ్చాయి సరే, అబ్బాయిల చేతుల మీద ఎందుకు నచ్చలేదు? ఇంతకుముందు ఎవరినైనా ఇలా చూసిందా? హాస్టల్లో బాస్కెట్‌బాల్ ఆడే సీనియర్ని చూసి రికార్డు పుస్తకం పడేసుకుందా? ముందుగా ఆమే ముద్దు పెట్టుకుంటే ఏమవుతుంది? రౌడీల సీను తీసేసి, మీ మెకానిక్‌కి బ్యాంకు లోను కాగితాల్లో చిక్కొచ్చి ఈమె కాపాడినట్టు రాస్తే? ఊరికే అడగట్లేదు, నాకు మీ కథలో అన్నిటికంటే ఇష్టమైన వాక్యం బ్యాంకు అమ్మాయి సంతకం పోల్చి చూసేది. ఆమెలో తెలివుంది, మీరే దాచేశారు.

దగ్గరయ్యే సీన్ల గురించి ఒక మాట. మీ కథలో అన్నీ బుచ్ నాయికే చేస్తుంది, ఆమెని ఎవరూ తాకరు. నిజంగా అలాంటివాళ్లున్నారు, తనని తాకనివ్వని బుచ్‌లని ఇంగ్లీషులో స్టోన్ అంటారు, 1950ల అమెరికన్ బార్ల కాలం నుంచీ ఉన్న మాట. అది తెలిసి రాస్తే అందంగా ఉంటుంది. కానీ మీరు తెలిసి రాయలేదు, హీరో అలవాటు కొద్దీ వచ్చేసింది. ఆమె తాకనివ్వదా, తాకనివ్వాలనుకుని భయపడుతుందా, వీపు మీద చెయ్యి వేస్తే ఫర్వాలేదు గానీ ఛాతీ మీద వద్దా? ఇద్దరూ దీని గురించి మాట్లాడుకోవాలి. తలనొప్పిగా ఉందంటే తలకి నూనె రాయడం దగ్గర మొదలుపెట్టండి. మనవాళ్లు ఒకరినొకరు తాకడానికి దానికంటే తేలికైన దారి లేదు.

పిలుపులు కూడా చూసుకోండి. మీ కథలో బ్యాంకు అమ్మాయి ఆమెని "ఏవండీ" అంటోంది, సీరియస్‌గా. ఇద్దరూ ఏకాంతంలో సరదాకి అనుకుంటే ముచ్చటగా ఉంటుంది, కథ చెప్పే మీరే ఆమెని మొగుడి స్థానంలో కూర్చోబెడితే మాత్రం మళ్లీ మొదటికే వస్తాం. ఈ వయసు అమ్మాయిలు ఒకరినొకరు రా అనుకుంటారు, కోపమొస్తే ఒసేయ్ అంటారు. షెడ్డు కుర్రాళ్లు ఆమెని అక్కా అంటారా, అన్నా అంటారా? ఒకడు అన్నా అని, ఇంకొకడు అక్కా అని, ఆమె ఇద్దరికీ పలికితే భలే ఉంటుంది.

ఇంకో జాగ్రత్త. మగవేషంలో ఉండే స్త్రీ వేరు, ట్రాన్స్ పురుషుడు వేరు. మీ మూడో భాగంలో ఆమె "నేను తప్పుడు ఒంట్లో పుట్టాను" అంటుంది, తర్వాత ఎక్కడా ఆ ఊసే లేదు. ఆ వాక్యం బరువైంది. నిజంగా ఆ పాత్ర తనని మగవాడిగా అనుకుంటుంటే కథ పూర్తిగా వేరే దారిలో పోవాలి, క్రియాపదాలతో సహా. కాదు, ఆడదిగానే ఇలా ఉండాలనుకుంటుంది అంటే ఆ లైను తీసేయండి. ఈ రెంటి మధ్య ఊగేవాళ్లూ ఉంటారు, లెస్లీ ఫైన్‌బర్గ్ 1993 నాటి నవల స్టోన్ బుచ్ బ్లూస్‌లో జెస్ అనే ముఖ్యపాత్ర మగ హార్మోన్లు మొదలుపెట్టి తర్వాత ఆపేస్తుంది. అది రొమాన్సు కాదు, కష్టంగా ఉంటుంది, హింస చాలా ఉంది, కానీ ఇలాంటి నాయికని రాసేవాళ్లు చదవాల్సిన పుస్తకం. రచయిత చివరి రోజుల్లో ఉచితంగా దొరికేలా ఏర్పాటు చేశారు కాబట్టి ఖర్చు కూడా లేదు.

ముగింపుకి వస్తే, "ఆమె సుఖం కోసం తప్పుకుని అబ్బాయితో పెళ్లికి ఒప్పించే" ప్లాన్ ఉందని రాశారు. వద్దండీ. 1928లో రాడ్‌క్లిఫ్ హాల్ రాసిన ది వెల్ ఆఫ్ లోన్లీనెస్‌లో స్టీఫెన్ అనే నాయిక చేసేది అదే, ప్రేమించినామెని మగవాడి చేతిలో పెట్టి తను ఒంటరిగా మిగులుతుంది. అంత చేసినా ఆ పుస్తకం అశ్లీలమని లండన్ కోర్టు నిషేధించింది. తర్వాత పల్ప్ నవలల్లో సుఖాంతం రాస్తే పోస్టల్ శాఖ పట్టుకుంటుందని పబ్లిషర్లే విషాదం రాయించారు. వాళ్లకి గత్యంతరం లేదు. మీకేం అడ్డం? రొమాన్సు అని పేరు పెట్టినప్పుడు ఇద్దరూ కలిసుండాలి, పాఠకులకి మీరిచ్చిన మాట అది.

అలాగని రిజిస్ట్రార్ ఆఫీసులో దండలు మార్పించకండి, 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు స్వలింగ వివాహాలకి చట్టబద్ధత ఇవ్వలేమని చెప్పింది. కలిసి బతకడం నేరం కాదు, స్వలింగ సంబంధాలని నేరంగా చూసిన సెక్షన్ 377 సంగతి 2018లోనే సుప్రీంకోర్టులో తేలిపోయింది. ఇంట్లోవాళ్లు మిస్సింగ్ కేసు పెట్టే సీను రాయాలనుకుంటే ముందు 2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు గురించిన వార్తలు చదవండి. తండ్రి నిర్బంధించాడని ఒక యువతి గురించి ఆమె భాగస్వామి హెబియస్ కార్పస్ (నిర్బంధంలో ఉన్న మనిషిని కోర్టు ముందుకు తెమ్మనే పిటిషన్) వేస్తే, మేజరు గనక ఆమె ఇష్టప్రకారం ఉండొచ్చని కోర్టు చెప్పింది. ఎస్సై బెదిరిస్తే మీ బ్యాంకు అమ్మాయి ఈ తీర్పు కాపీ టేబుల్ మీద పెట్టొచ్చు. పెళ్లి సీను లేని లోటు తీరాలంటే మీ చేతిలోనే బ్యాంకు ఉంది: 2024 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ, క్వీర్ వ్యక్తులు (స్వలింగ ప్రేమికులు, ట్రాన్స్ మనుషులు వగైరా) జాయింట్ ఖాతా తెరవడానికి గానీ భాగస్వామిని నామినీగా పెట్టడానికి గానీ ఏ ఆంక్షా లేదని స్పష్టం చేసింది. నామినీ ఫారంలో సంబంధం అన్న గడి దగ్గర ఇద్దరూ ఆగి ఏం రాయాలా అని పోట్లాడుకోవడం, వెనక క్యూలో ఉన్న పెద్దాయన తొందరపెట్టడం. తాళిబొట్టు సీను కంటే నేనైతే ఇదే చదువుతాను.

ఇప్పటికే పోస్టు చేసిన పది భాగాలు వెనక్కి తీసుకోకండి, సీరియల్ పాఠకులకి అది చిరాకు. పదకొండులో తండ్రిని ప్రవేశపెట్టండి, పన్నెండులో బ్యాంకు అమ్మాయి వైపు నుంచి కథ చెప్పండి, మూడో భాగంలో ఆ ఒక్క వాక్యం మాత్రం ఎడిట్ చేయండి. "ఇద్దరిలో మగ ఎవరు" అని కామెంట్లు వస్తూనే ఉంటాయి, వాటికి జవాబు రాస్తూ కూర్చోకండి, డిలీట్ కొట్టండి. పన్నెండో భాగం డ్రాఫ్టు అయ్యాక ఇక్కడే కింద పెట్టండి, చదివి చెప్తాను.